అంబక్క కార్డు, సత్తయ్య తకరారు

1994. షోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర మా బ్యాంకు శాఖ. కింద టవళ్ళ దుకాణం, పైన మేము. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా చుట్టుపక్కల మరమగ్గాల చప్పుడు ఆగేది కాదు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారమంతా తలనొప్పి మాత్రలు మింగేవాళ్ళు. నాకు ఆ బాధ లేదు. నేను దాజీ పేట్‌లో పుట్టాను, మా నాన్న చద్దర్లు నేసేవాడు. రాత్రిపూట కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది.

ఆ ఏడాది పైఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది, ప్రతి శాఖా తన ఖాతాదారులకు క్రెడిట్ కార్డులు ఇప్పించాలని. ఇప్పుడైతే కాలేజీ పిల్లల దగ్గర కూడా రెండేసి కార్డులుంటున్నాయి గాని, ఆ రోజుల్లో అది డాక్టర్లూ కంపెనీ మేనేజర్లూ జేబులోంచి తీసి చూపించుకునే వస్తువు. ముందు కొనుక్కో, తర్వాత బిల్లు వస్తుంది, అప్పుడు కట్టు. దాని సంగతి అంతే. ఎంతదాకా కొనుక్కోవచ్చో బ్యాంకు ముందే ఒక హద్దు పెడుతుంది, దాన్ని లిమిట్ అంటారు. ఈ కార్డుల పని మా మేనేజర్ నా నెత్తిన పెట్టారు. "మీరు ఈ ఊరి మనిషి కదా, మీకు నలుగురూ తెలుసు" అన్నారు. నాకు తెలిసిన నలుగురూ మగ్గాలవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు. ఆయన మనసులో ఉన్నది డాక్టర్లు.

తనంతట తానుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి కార్డు అడిగిన మొదటి మనిషి అంబుబాయి. దాజీ పేట్‌లో మా పుట్టింటికి రెండు గల్లీల అవతల ఆమె ఇల్లు. నేను అంబక్క అనేదాన్ని. భర్త పోయి మూడేళ్ళయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు, వాటి మీద టవళ్ళు. ఇద్దరు జీతపు నేతగాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళు రాని రోజున తానే మగ్గం దగ్గర నిలబడేది. బ్యాంకులోకి వచ్చేటప్పుడు కూడా చీర కుచ్చిళ్ళకు నూలు పోగులు అంటుకునే ఉండేవి.

ఆమె చేతిలో ఒక దరఖాస్తు ఉంది. దీపావళికి ముందు ముంబైలో ఒక పెద్ద ప్రదర్శన. నేసినవాళ్ళే వచ్చి అమ్ముకోవచ్చు, హోటళ్ళవాళ్ళు, పెద్ద దుకాణాలవాళ్ళు అక్కడికే వచ్చి ఆర్డర్లు ఇస్తారు. స్టాల్ కావాలంటే షరతు ఒకటే. ముంబైలో ఉండేవాళ్ళెవరైనా జామీను ఉండాలి, లేదా స్టాల్ తీసుకునే మనిషికి బ్యాంకు క్రెడిట్ కార్డు ఉండాలి. నగదు డిపాజిట్ తీసుకోరు.

"కార్డెందుకక్క? మీ సత్తయ్యకు ముంబైల దోస్తులున్నరు గదా, జామీను ఇప్పియ్యడా?" అన్నాను.

"ఇప్పిస్తడు. స్టాల్ బోర్డు మీద ఆయన పేరుంటె ఇప్పిస్తడు."

సత్తయ్య ఆమెకు మరిది. గల్లీ మొదట్లో నూలు దుకాణం. గల్లీలో సగం మగ్గాలకు నూలు ఆయన దగ్గర్నుంచే పోయేది, నేసిన టవళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవి. ఎవరు నేసినా చివరికి 'సత్తయ్య టెక్స్‌టైల్స్' అనే లేబుల్‌తోనే ఊరు దాటేవి. అంబక్క నేసిన టవళ్ళు కూడా అంతే. ముంబైలో వాటిని కొనేవాళ్ళకు అంబక్క అనే మనిషి ఉన్నట్టే తెలియదు.

"నా చేతి గుడ్డ ఇన్నేండ్లు ఇంకోని పేరు చెప్పుకొని తిరిగింది. ఇగ సాలు. ఒక్కసారి నా పేరు మీద ఆర్డర్ వస్తె, నా మగ్గాలు నావైతయ్ సరోజ. లేకుంటె పేరుకే నావి, నేను ఆయన దగ్గర నౌకరీ చేసినట్టే" అంది అంబక్క.

దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. జీతం రసీదు? లేదు. ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు? లేవు. ఇంతకుముందు ఏ బ్యాంకులోనైనా అప్పు తీసుకుని తీర్చారా? ఈ ప్రశ్నకు అంబక్కకు కోపం వచ్చింది.

"నేను బ్యాంకుల అప్పు జేసేదాన్ని లెక్క కనబడుతున్ననా?"

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మనిషి తీసుకున్న అప్పులు ఎట్లా తీర్చాడన్న చరిత్రను క్రెడిట్ హిస్టరీ అంటారు. ఇప్పుడు దానికి మార్కులు వేసే సంస్థలున్నాయి. అప్పట్లో మాకు అవేవీ లేవు. బ్యాంకులో అప్పు చేసి తీర్చినవాడు మంచివాడు, అసలు అప్పే చేయనివాడు ఎవరో తెలియనివాడు. మొదటి అప్పు పుట్టాలంటే అంతకుముందు ఒక అప్పు ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టు. డిపాజిట్ పెట్టించుకుని దాని మీద కార్డు ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది, మా బ్యాంకులో అప్పటికింకా లేదు.

నిజానికి మా గల్లీల్లో అందరూ అప్పు మీదే బతికేవాళ్ళు. నూలు దుకాణం నుంచి సోమవారం నూలు చుట్టిన కోన్లు తెచ్చుకుంటారు, టవళ్ళు నేసి శనివారం లెక్క తేల్చుకుంటారు. అంతా నోటిమాట మీద. ఎవరికి ఎంత నూలు నమ్మి ఇవ్వవచ్చో, దాన్ని మరాఠీలో 'పత్' అంటారు, మా వాళ్ళూ అదే మాట అంటారు. పత్ ఉన్నవాడికి మగ్గం ఆగదు. అది పోయినవాడు బీడీల కార్ఖానా చుట్టూ తిరగాలి. అంబక్కకు పత్ ఉందని దాజీ పేట్‌లో అందరికీ తెలుసు. దాన్ని దరఖాస్తులో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

"సత్తయ్యతో ఒక చీటి రాయించుకొని రా అక్క. ఇన్నేండ్ల సంది నూలు ఇస్తున్న, బాకి సక్కగ కడ్తది అని. సాలు" అన్నాను.

"ఆయన సంతకం వద్దు. ఆయన సంతకం వద్దనే గదా ఇదంత" అని లేచింది.

మా మేనేజర్ దరఖాస్తు చూసి పెదవి విరిచారు. "ఈమెకు హిస్టరీ ఏముందమ్మా? సేవింగ్స్ ఖాతా తప్ప ఏమీ లేదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేను ఊరుకోలేదు. మీరు చెప్పిన డాక్టర్ల దగ్గరికి పోయాను, వాళ్ళకు మనకంటే పెద్ద బ్యాంకుల కార్డులున్నాయి, మన కార్డు చూసి నవ్వారు, అడిగి వచ్చినవాళ్ళను తరిమేస్తే సర్క్యులర్‌కు జవాబు మీరే రాసుకోండి అన్నాను. చివరికి నా సిఫార్సుతో దరఖాస్తు పుణెలోని మా కార్డుల విభాగానికి పోయింది. విచారణకు మనిషిని పంపుతామని వాళ్ళు జవాబిచ్చారు. దీన్ని ఫీల్డ్ వెరిఫికేషన్ అంటారు. చెప్పిన చిరునామాలో మనిషి ఉందా, చెప్పిన పని చేస్తోందా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు అని చెప్పకుండా వచ్చి చూసిపోవడం.

ఈలోగా సత్తయ్యకు సంగతి తెలిసి బ్యాంకుకు వచ్చాడు. తెల్లటి లుంగీ, నోట్లో తంబాకు. పని ఉన్నప్పుడు నన్ను చెల్లె అంటాడు, కోపం వస్తే మేడం అంటాడు. ఆ రోజు మేడం అన్నాడు.

"ఏంది మేడం, మా ఇంట్ల లఫ్డా పెడ్తున్నరు? బోర్డు మీద నా పేరు పెట్టుమంటె పెట్టదట, బ్యాంకుల చుట్టు తిరుగుతదట. మా అన్న పోయినంక ఆమె మగ్గాలు ఆగకుంట సూస్కున్నదెవరు?"

"మీరే సూస్కున్నరు. కాదన్లేదు గదా ఎవరు."

"బజార్ల పేరు ఒక్క దినంల రాదు. ముంబైవోళ్లు మోసం జేస్తె రేపు ఎవరి దగ్గరికొచ్చి ఏడుస్తది?"

ఆయన చెప్పినదాంట్లో కొంత నిజమూ ఉంది. కుర్చీ చూపించాను గాని కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

విచారణకు వచ్చినాయన పేరు జోషి. సన్నగా, పొడుగ్గా, చంకలో తోలు సంచీతో ఉండేవారు. ఆయన ఒకరోజు మా శాఖకు కూడా రాకుండా తిన్నగా దాజీ పేట్‌కు పోయారు. ఆ రోజు అంబక్క నూలు కోసం బయటికి పోయింది. ఏం జరిగిందో నాకు తర్వాత వచ్చిన రిపోర్టు చూస్తేగాని తెలియలేదు. అందులో ఇట్లా ఉంది: ఆ చిరునామాలో ఆ పేరుగల వ్యాపారస్తురాలు ఎవరూ లేరు. ఆ పేరుతో ఒక వితంతువు ఉన్నట్టు ఒకరు చెప్పారు, ఆమె బీడీలు చుట్టి పొట్ట పోసుకుంటుంది. మగ్గాలు లేవు. కార్డు ఇవ్వడానికి వీల్లేదు.

అది చదివిన రోజు సాయంత్రం బ్యాంకు నుంచి తిన్నగా గల్లీలోకి పోయాను. అంబక్క పక్కింట్లో ఉండే లచ్చవ్వ వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. డెబ్భై దాటిన మనిషి, గల్లీలో పుట్టిన ప్రతి పిల్లనూ ఎత్తుకున్నది, నన్ను కూడా.

"లచ్చవ్వ, సంచి పట్టుకొని ఒకాయన వచ్చిండా? ఏమడిగిండు?"

"వచ్చిండు బిడ్డ. అంబుబాయి ఎవరన్నడు. పాపం మొగడు సచ్చిపోయిండు, బీడీలు సేస్కొని బతుకుతది అని చెప్పిన. మగ్గాలున్నయా అన్నడు. మగ్గాలేంటియి అన్న. మరి ఈ సప్పుడేంది అన్నడు. అది వెనక గల్లీలది అన్న."

ఆమె ఈ మాటలు చెబుతుంటే గోడ అవతల అంబక్క మగ్గాలు మా ఇద్దరి మాటలూ వినబడనంత గట్టిగా ఆడుతున్నాయి.

"ఎందుకట్ల చెప్పినవ్?"

"కరెంటు ఆఫీసోడో, జప్తుకొచ్చిన కోర్టు బేలీఫో అనుకున్న. ఆడమనిషి ఒక్కతి ఉంటది. లూమ్‌లు ఉన్నయంటె గుంజుకపోరూ?"

మూలమీది చాయ్ హోటల్‌వాడు, "అంబుబాయా, ఏ అంబుబాయి? ఈడ ఇంటికొక అంబుబాయి" అన్నాడట. అక్కడే చాయ్ తాగుతున్న అంబక్క జీతగాడు, "నేను ఇయ్యాలనే పనికొచ్చిన, మాల్కిన్ ఎవరో తెల్వది" అన్నాడట. వాడు ఆమె దగ్గర చేరి అప్పటికి చాలా కాలమైంది.

నాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎందుకంటే నేనూ అట్లాగే పెరిగాను. చంకలో సంచీ పెట్టుకుని ఎవరైనా వస్తే, లోపల మగ్గం మీద ఉన్న నాన్నను ఊరికి పంపేదాన్ని. 'నాన్న ఊరికి పోయిండు' అని చెప్పడం మాకు అ ఆల కంటే ముందు నేర్పారు. గల్లీలోకి కొత్త మనిషి వచ్చి ఎవరి గురించి అడిగినా, ఆ మనిషి లేడు, ఉన్నా ఏమీ లేనివాడు. ఇది మా గల్లీల మర్యాద. ఎంత బాగా దాస్తే అంత ప్రేమ ఉన్నట్టు. అంబక్క మీద గల్లీకి ఉన్న ప్రేమంతా కలిసి ఆమె కార్డును ముంచేసింది.

"ఆయన బ్యాంకు మనిషి, లచ్చవ్వ. మగ్గాలున్నయంటెనే కార్డు వస్తది."

లచ్చవ్వ చేతిలో బీడీ ఆపి నా వైపు చూసింది. "అయితె నిజం చెప్పాలె అని ముందుగాల చెప్పొద్దా మాకు? మాకెట్ల తెలుస్తది?"

అంబక్క వచ్చి ఇదంతా వింది. షెడ్డులోకి పోయి తెగిన పోగు ఒకటి ముడివేసి వచ్చింది. "గడువు దగ్గరికొచ్చింది సరోజ. ఇగ సత్తయ్య పేరే రాయనా?" అని అడిగింది. ఆ గొంతు విని నాకు పట్టుదల వచ్చింది. రాయొద్దు, ఇంకోసారి పిలిపిస్తాను అన్నాను.

పుణెకు ఫోన్ చేసి జోషి గారితో వాదించాను. మీకు చెప్పిన ఒక్కమాట కూడా నిజం కాదు, ఈసారి నేను వెంట ఉంటాను, వచ్చి మీ కళ్ళతో మగ్గాలు చూసుకోండి అన్నాను. ఆయనకు నా మీద నమ్మకం కుదిరిందో, విసుగు పుట్టిందో, మొత్తానికి వచ్చారు.

మగ్గాలు చూశారు. అంబక్క ఇచ్చిన చాయ్ తాగారు. నాలుగూ ఆమెవేనని ఇంటి కాగితాలతో తేలింది. ఇక మిగిలింది ఇరుగుపొరుగు మాట. గల్లీ అంతా అప్పటికే వాకిళ్ళలోకి వచ్చి నిలబడింది. వీళ్ళకు నిజం చెప్పమని చెప్పి పొరపాటు చేశానని నాకు రెండో ఇంటి దగ్గరే అర్థమైంది.

"నాలుగు మగ్గాలా? ఇవి నాలుగు సాబ్, నీలం నగర్‌ల ఇంక పది ఉన్నయ్" అన్నాడు చాయ్ హోటల్‌వాడు. పోయినసారి ఆమె పేరే తెలియనివాడు.

"లచ్మీదేవి సాబ్ మా అంబుబాయి. ఆమె ఇంట్ల ఇనుప పెట్టె ఉంటది" అంది లచ్చవ్వ. పోయినసారి ఆమెకు తిండికి లేదన్న మనిషి.

జీతగాడు ఇంకా ముందుకు పోయాడు. మాల్కిన్ దగ్గర తాను పుట్టినప్పట్నుంచీ పనిచేస్తున్నానన్నాడు.

జోషి గారు పెన్ను మూత పెట్టేశారు. "మేడం, నేను మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క మగ్గం లేదు. ఇవాళ పద్నాలుగు అయ్యాయి. మూడోసారి వస్తే ఇక్కడ మిల్లు ఉంటుంది. వీళ్ళ మాటల్లో నేను ఏది రాయాలి?" అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగారు. అంబక్క గడపలో నిలబడి చూస్తోంది.

ఆయన అందరినీ ఒక్కటే ప్రశ్న అడిగారు. "ఈ గల్లీలో ఈమె అంటే గిట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అందరి మొహాలూ ఒక్కసారే గల్లీ మొదట్లో ఉన్న నూలు దుకాణం వైపు తిరిగాయి.

అక్కడికి పోతే పని అయిపోయినట్టే. ఆపబోయాను గాని జోషి గారు అప్పటికే నడుస్తున్నారు. సత్తయ్య కోన్ల మూటల మధ్య గద్దె మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినాయన ఎవరో ఆయనకు తెలుసు. కుర్చీ వేయించాడు, చాయ్ చెప్పాడు. జోషి గారు మరాఠీలో అడిగారు, సత్తయ్య మరాఠీలో మొదలుపెట్టి కోపం వచ్చినచోటల్లా తెలుగులోకి వచ్చాడు, ఆ ముక్కలు నేను మార్చి చెప్పాను.

"ఆమెకు కార్డు ఇయ్యకుండ్రి సాబ్. సీదా చెప్తున్న. ఆమె ఎవరి మాట ఇనదు."

"డబ్బు సరిగ్గా కట్టదా?"

"పైసలా? అదే గదా నా తకరారు."

తకరారు అంటే ఫిర్యాదు. జోషి గారు చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"గల్లీ మొత్తం శనివారం లెక్క అంటె, ఇంకో వారం ఆగు సత్తయ్యా అంటరు. ఈమె శుక్రవారమే పంపుతది. వదినె, నిమ్మళంగ ఇయ్యి, మనం మనం ఒక్కటి అంటె ఇనదు. మా అన్న సచ్చిపోయిన నాడు ఆయన నూలు బాకి ఉండె. ఇడ్సిపెట్టు వదినె, నేనేమన్న పరాయోన్నా అన్న. దినాలైనంక మెడల బంగారు గుండ్లు అమ్ముకొని వచ్చి, నలుగురు కూసున్నప్పుడు ఈ గద్దె మీద పైసలు పెట్టి పోయింది. నా మొకం యాడ పెట్టుకోవాలె సాబ్ నేను? జరంత బాకి ఉంచితె గదా నా మాట ఇనేది? బాకి లేని మనిషికి నేనేం చెప్పాలె?"

జోషి గారు మెల్లగా అడిగారు. "అయితే మేం కార్డిస్తే ఆమె బిల్లు కడుతుందంటారా?"

సత్తయ్య గద్దె మీంచి లేచాడు. ఇక్కడ మా బజారు పద్ధతి ఇంకొకటి చెప్పాలి. మా వాళ్ళు పరాయి మనిషి ముందు మగ్గాలను మాయం చేస్తారు, ఇంట్లో ఉన్న మనిషిని ఊరికి పంపుతారు, అవసరమైతే నాలుగును పద్నాలుగు చేస్తారు. కాని ఒక్క విషయంలో అబద్ధం ఆడరు. బాకి కట్టినవాణ్ణి కట్టలేదని అనరు, పగవాడినైనా సరే. ఆ మాట ఒక్కసారి బయటికి వస్తే ఆ మనిషికి ఎక్కడా నూలు పుట్టదు, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అంతా నోటిమాట మీద నడిచేచోట అది ప్రాణం తీయడంతో సమానం. లెక్క సరిగా ఇవ్వదు అని సత్తయ్య ఒక్క ముక్క అంటే చాలు, అంబక్క స్టాల్ మీద ఆయన పేరే ఉంటుంది. తప్పని చూపించడానికి ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు.

ఆయన బయటికి పోయి తంబాకు ఉమ్మి వచ్చాడు.

"కడ్తది సాబ్. తినకుంట అయిన కడ్తది. అదే నా భయం. రేపటి సంది ఆమెకు నాతోని పనే ఉండదు."

ఆయన మీద నాకు ఎప్పుడూ కోపమే ఉండేది. ఆ పూట మొదటిసారి జాలేసింది. అన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు తనే అనుకున్నాడు. ఆ వదినె బాకి తీరుస్తూ తీరుస్తూ తన చేయి వదిలించుకుంటోందని ఆయనకు మూడేళ్ళ నుంచీ తెలుసు. జోషి గారు లేచి ఆయనకు నమస్కారం పెట్టారు. వెనక్కి వస్తూ దారిలో, "నేను ఎన్నో విచారణలు చేశాను మేడం, ఇంత మంచి సర్టిఫికెట్ ఎవరి నోటా వినలేదు" అన్నారు. సత్తయ్య తకరారును ఉన్నది ఉన్నట్టు రిపోర్టులో రాశారు.

కార్డు వచ్చింది. లిమిట్ చిన్నదే, కాని పేరు ఆమెది. అంబక్క దాన్ని తీసుకుపోయి మా నేతవాళ్ళ దేవుడు మార్కండేయుడి పటం ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టింది. మర్నాడు నాకు చూపిస్తే, వెనక ఉన్న నల్ల పట్టీ మీది పసుపు నేనే తుడిచాను. సంతకం తెలుగులో చేసింది. ఒక్కో అక్షరం కుదురుగా, అంచు నేసినంత శ్రద్ధగా.

ముంబైలో ప్రదర్శనవాళ్ళ కౌంటర్ మీద ఇంప్రింటర్ ఉండేది. ఉబ్బెత్తు అక్షరాలున్న కార్డును కింద పెట్టి, పైన కాగితం పరిచి, పిడి ఒకసారి అటూ ఇటూ లాగితే పేరు ఆ కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ కాగితమే జామీను. అక్కడి గుమాస్తా అలవాటు కొద్దీ భర్త పేరేమిటని అడిగాడట. "కార్డు ఆయనదా, నాదా? దాని మీద ఏం పేరుందో అదే రాయి" అన్నదట అంబక్క. వచ్చాక ఈ ముచ్చట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. స్టాల్ మీద బోర్డు కట్టాక ఎదురుగా పోయి నిలబడి కాసేపు చదువుకున్నానని మాత్రం ఒక్కసారే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు తడిసాయి, నావీ తడిసాయి. రెండు హోటళ్ళ నుంచి ఆర్డర్లు వచ్చాయి, ఆమె పేరు మీద.

రైలు దిగిన మర్నాడు పొద్దున మా షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. ముంబైలో లాడ్జికి కార్డు మీద అయిన ఖర్చు కొంగున కట్టుకుని తెచ్చింది.

"అక్క, బిల్లు ఇంకా రాలేదు. వచ్చినంక కట్టాలె. దానికోసమే గదా కార్డు."

"వచ్చేదాక నాకు నిద్ర పట్టొద్దా? తీస్కో."

తీసుకునే వీలు లేదని ఎంత చెప్పినా వినదు. సత్తయ్య బాధ నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మరుసటి ఏడు దసరా వెళ్ళాక సత్తయ్య బ్యాంకుకు వచ్చాడు. చెల్లె అన్నాడు, కుర్చీలో కూర్చున్నాడు. నూలు కోసం దూరపు మిల్లులకు తిరుగుతున్నాడు, ఎక్కడికి పోయినా లాడ్జిల్లో కార్డు అడుగుతున్నారు. ఆయనకూ బ్యాంకు అప్పుల చరిత్ర ఏమీ లేదు. అందరికీ అప్పు ఇచ్చేవాడేగాని తాను బ్యాంకు గడప తొక్కినవాడు కాదు. దరఖాస్తు నింపి, చివరి గడి దగ్గర ఆగాను.

"మీ గురించి ఎవర్ని అడగాలె అన్నా?"

కిటికీలోంచి చౌక్ వైపు చూశాడు. "ఇంకెవర్ని అడుగుతవ్. మా వదినెనే అడుగు."

ఈసారి చిన్న విచారణలు శాఖలోనే చేసుకోమన్నారు కాబట్టి నేనే పోయాను. అంబక్క షెడ్డులో ఉంది. ఇప్పుడు మగ్గాలు ఆరు. సంగతి చెప్పగానే దగ్గరున్న మగ్గం ఆపింది. అడ్డం పడ్డ జుట్టు మోచేత్తో వెనక్కి తోసుకుని చెప్పింది.

"రాస్కో. మనిషి మంచోడు కాదు. మాట మంచిది."

తర్వాత ఎన్నో శాఖల్లో పనిచేశాను, ఎన్నో దరఖాస్తుల మీద సంతకాలు పెట్టాను. స్నేహితుల ఉత్తరాలూ, పెద్దల సిఫార్సులూ ఎన్ని వచ్చినా, గిట్టనివాళ్ళు ఏమంటున్నారో ఒకసారి కనుక్కునేదాన్ని. ఆ రోజు అంబక్క అన్న రెండు మాటల్లో రెండోది ఒక్కటే రాస్తే చాలుగదా అని మా మేనేజర్ అన్నారు. నేను రెండూ రాశాను. మొదటి మాట పక్కన ఉంటేనే రెండో మాట మీద నమ్మకం కుదురుతుంది. సత్తయ్యకు కార్డు వచ్చింది.